లింకు దస్తావేజులు: చిన్న ఊరి స్థలానికి హక్కు చరిత్ర

ఒక ఇంటి స్థలం ఎవరి నుంచి ఎవరికి, ఏ హక్కుతో సంక్రమించిందో వరుసగా చూపే పాత దస్తావేజులను తెలుగు ఊళ్లలో లింకు డాక్యుమెంట్లు అంటారు. స్థలం కొనేవారు, బ్యాంకు తరఫు వకీలు, దావా వేసినవారు మొదట అడిగేవి ఇవే. మన దేశంలో రిజిస్ట్రేషన్ ఆఫీసు నమోదు చేసేది లావాదేవీని. అమ్మినవారికి ఆ స్థలంపై నిజంగా హక్కు ఉందని అది పూచీ పడదు. ఆ సంగతి కొనేవారే తేల్చుకోవాలి.

వెతుకులాట ఇప్పటి యజమాని దగ్గర మొదలై వెనక్కి వెళ్తుంది. క్రయ దస్తావేజులో అమ్మేవారు తమకు ఆస్తి ఎలా వచ్చిందో రాయిస్తారు: పిత్రార్జితమా, స్వార్జితమా, భాగ పంపకంలో వచ్చిందా, దాన సెటిల్మెంటా. కొన్నదైతే ఏ సంవత్సరంలో, ఏ నంబరు దస్తావేజుతో కొన్నారో ఉంటుంది. ఆ నంబరుతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకుంటే, అందులో అంతకు ముందరి దస్తావేజు జాడ దొరుకుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలోకి ఎక్కుతాయి. ఫీజు కట్టి ఆ పుస్తకాన్ని, దాని సూచికలను ఎవరైనా చూడవచ్చు.

దీనికి తోడు ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఫలానా కాలంలో ఆ ఆస్తిపై నమోదైన అమ్మకాలు, తనఖాలు, సెటిల్మెంట్లు అన్నీ అందులో వస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1983 నుంచి జరిగినవి ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులోని పాత సూచికలు వెతికించాలి. ఈసీ ఖాళీగా వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు. రిజిస్టరు చేసిన వీలునామా కూడా అందులో కనిపించదు. అది మూడో పుస్తకంలోకి వెళ్తుంది, రాసినవారు బతికున్నంత కాలం బయటివారికి దాని నకలు ఇవ్వరు. నోటి మాట పంపకాలు, రిజిస్టరు కాని అగ్రిమెంట్లు ఈసీలోకి అసలే రావు.

దస్తావేజు చివరన ఉండే ఆస్తి వివరాల షెడ్యూలును చాలామంది సర్వే నంబరు చూసి వదిలేస్తారు. స్థలం చరిత్రలో సగం అక్కడే ఉంటుంది. కందుకూరునే తీసుకుందాం. అక్కడి ఒక స్థలానికి 1960లలో రాసిన దస్తావేజులో నెల్లూరు జిల్లా, కందుకూరు తాలూకా అని ఉంటుంది. 1970లో ఆ ప్రాంతం ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిసింది. స్థలం అంగుళం కదల్లేదు, కాగితం మీద చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. ఈ మార్పులు తెలియనివారు ఇది వేరే స్థలమేమో అనుకుంటారు.

కొలతలూ అంతే. నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ఇరవై అంకణాలని రాసి ఉంటే ఒకచోట అది 160 గజాలు, మరోచోట 80.

హద్దుల వరుసలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. తూర్పున ఫలానా వారి దడి, దక్షిణం పంచాయతీ బజారు, పడమర ఫలానా ఆమె పెరడు, ఉత్తరం ఉమ్మడి గోడ. తర్వాతి తరం దస్తావేజులో దడి ప్రహరీ అవుతుంది, బజారు సిమెంటు రోడ్డవుతుంది, పెరటి ఆమె పేరు పోయి ఆమె కొడుకుల పేర్లు వస్తాయి. మన దస్తావేజు ఒకటి పోయినా ఇరుగుపొరుగు దస్తావేజులు ఆదుకుంటాయి. వారి హద్దుల్లో మన స్థలం అప్పటి యజమాని పేరు ఉంటుంది. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువ ఇస్తాయి.

వరుస తెగిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వంద రూపాయల లోపు ఆస్తిని రిజిస్ట్రేషన్ లేకుండా, స్వాధీనం చేసి అమ్మనిచ్చింది. ఇంటి స్థలం ఆ లోపు ధర పలికిన రోజుల్లో కాగితమే పుట్టని అమ్మకాలు జరిగాయి. గ్రామకంఠంలోని ఇళ్లది మరో ఇబ్బంది. పాత సర్వే రికార్డుల్లో ఊరి నివాస స్థలమంతా కలిపి ఉంటుంది గానీ విడివిడి యజమానుల పేర్లు ఉండవు. అక్కడ ఇంటి పన్ను రసీదులే ఆధారం. తెలంగాణలో పాత దస్తావేజులు ఉర్దూలో, తేదీలు ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. భూముల విషయంలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ అక్కడ కీలకమైన ఆధారం.

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సినవి ఆడవారి సంతకాలు, వేలిముద్రలు. అవి లేని చోట్లు కూడా. 1956కు ముందు భర్త ఆస్తిపై హిందూ వితంతువుకు పరిమిత హక్కే ఉండేది. తగిన అవసరం లేకుండా ఆమె అమ్మితే, ఆమె తదనంతరం వారసులు దాన్ని ప్రశ్నించగలిగేవారు. అందుకే ఆ కాలపు దస్తావేజుల్లో భర్త చేసిన బాకీ తీర్చడానికనో, కూతురి పెళ్లికనో కారణం విడమరిచి రాయించేవారు. ఆ నాలుగు వరుసల్లో ఒక కుటుంబం పడిన కష్టం, ఏ కథలోనూ చోటు దొరకనిది, తేదీతో సహా మిగిలిపోయింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని కూతుళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. 2005లో అది దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. ఆ తర్వాతి పంపకంలో అన్నదమ్ముల సంతకాలే ఉంటే అక్కచెల్లెళ్లు హక్కు విడుదల రాసిచ్చారా అని ఆరా తీయాల్సిందే.

హక్కుకు ప్రభుత్వమే పూచీగా నిలిచే పద్ధతి కోసం ఆంధ్రప్రదేశ్ 2023లో భూ హక్కుల చట్టాన్ని అమలులోకి తెచ్చింది. దానిపై వకీళ్లు, రైతులు ఆందోళన చేశారు. 2024లో అది రద్దయింది. బ్యాంకు వకీళ్లు లింకు డాక్యుమెంట్లు అడగడం మానలేదు, సాధారణంగా 30 ఏళ్ల వెనక్కి చూస్తున్నారు.