బ్లెయిర్ కొండ: ఒక నీటిగట్టు చరిత్ర

ఒక కొండవరస ఎవరిని ఎవరి నుంచి వేరు చేస్తున్నదో తెలియాలంటే, ముందు దాని మీద పడిన వాన ఏ పక్కకు పారుతున్నదో చూడాలి. చరిత్ర చదివే విద్యార్థులకు మేము మొదట చెప్పే మాట ఇది. దీనికి ఉదాహరణగా అమెరికాలోని ఒక చిన్న కొండను ఇక్కడ పరిచయం చేస్తున్నాము.

వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు దక్షిణ భాగంలో, లోగన్ కౌంటీలో బ్లెయిర్ కొండ ఉంది. ఎత్తు సుమారు 2,000 అడుగులు. ఇది స్ప్రూస్ ఫోర్క్ రిడ్జ్ అనే పొడవాటి కొండవరసలో ఒక భాగం. ఒక పక్క పడిన నీరు స్ప్రూస్ ఫోర్క్ ద్వారా లిటిల్ కోల్ నదికి, అక్కడి నుంచి కోల్ నదికి చేరుతుంది. రెండో పక్క నీరు గయండాట్ నదికి పోతుంది. చివరకు రెండూ ఒహాయో నదిలోనే కలుస్తాయి. కోల్ నది అంటే బొగ్గుటేరు. 1742లో జాన్ పీటర్ సాలీ అనే అన్వేషకుడు దాని ఒడ్డున బొగ్గు చూసి ఆ పేరు పెట్టాడు.

ఇక్కడి కొండలు నేల ముడతలు పడి లేచినవి కావు. పూర్వం ఇదొక పీఠభూమి. వాగులు దాన్ని కోయగా మిగిలిన గట్లే ఈ కొండలు. సుమారు 30 కోట్ల ఏళ్ల నాటి బొగ్గు పొరలు దాదాపు బల్లపరుపుగా ఉండి, వాగులు కోసిన చోట కొండ పక్కన నల్లని చారలుగా బయటపడతాయి. కార్మికుడు కిందికి దిగనక్కరలేదు, కొండలోకి అడ్డంగా తవ్వుకుంటూ పోవచ్చు. మన సింగరేణి సంగతి వేరు. అక్కడ పొరలు ఏటవాలుగా భూమిలోకి దిగుతాయి. అందుకే తెలంగాణ కార్మికుడు గనిని ‘బాయి’ అన్నాడు. నేల తీరే మాటను పుట్టించింది.

నేల తీరే బతుకునూ నిర్ణయించింది. ఇరుకైన లోయలో ఒక వాగు, ఒక రైలు పట్టా, వాటి వెంబడి కంపెనీ ఇళ్లు, కంపెనీ దుకాణం. లోయ ముఖద్వారం ఎవరి చేతిలో ఉంటే లోపలి మనుషులు వారి చేతిలో ఉన్నట్లే. కొండవరసకు ఉత్తరాన కనావా ప్రాంతంలో కార్మిక సంఘం బలపడింది. దక్షిణాన లోగన్, మింగో కౌంటీలలో దాన్ని అడుగు పెట్టనీయలేదు. లోగన్ షెరీఫ్ డాన్ చాఫిన్ కింది డిప్యూటీలకు జీతాలు గని యజమానుల సొమ్ముతోనే అందేవి.

1920 మే 19న మింగో కౌంటీలోని మేట్‌వాన్‌లో కంపెనీ డిటెక్టివులకూ స్థానికులకూ మధ్య కాల్పులు జరిగి 10 మంది చనిపోయారు. ఆనాడు కార్మికుల పక్షాన నిలిచిన పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్‌ను 1921 ఆగస్టు 1న వెల్చ్ పట్టణంలో న్యాయస్థానం మెట్ల మీదనే కాల్చి చంపారు. ఆ నెలాఖరులో సుమారు 10,000 మంది కార్మికులు మార్మెట్ నుంచి మింగోకు నడక సాగించారు. వారిలో తెల్లవారు, నల్లవారు, ఇటలీ, హంగరీల నుంచి వలస వచ్చినవారు ఉన్నారు.

మింగో చేరాలంటే లోగన్ దాటాలి, లోగన్‌లోకి దిగాలంటే ఈ గట్టు ఎక్కాలి. గట్టు ఎక్కడానికి ఉన్న దారులు కొద్దిపాటి కనుమలు మాత్రమే. చాఫిన్ మనుషులు ఆ కనుమల పైన కందకాలు తవ్వి మరతుపాకులు నిలిపారు. ప్రైవేటు విమానాల నుంచి నాటు బాంబులు కూడా వేశారు. సెప్టెంబరు మొదటి వారంలో ఫెడరల్ సైన్యం రాగానే కార్మికులు ఆయుధాలు దించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అదే సైన్యంలో పోరాడినవారు వారిలో ఎందరో ఉన్నారు. మృతుల సంఖ్యపై నేటికీ ఏకాభిప్రాయం లేదు. నాయకుడు బిల్ బ్లిజర్డ్‌పై రాజద్రోహ నేరం మోపారు. 1922లో న్యాయస్థానం అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. అయినా సంఘం చితికిపోయింది. 1933లో చట్టం మారిన తరువాతనే అది ఆ లోయల్లో నిలదొక్కుకున్నది.

తమవారిని గుర్తుపట్టడానికి కార్మికులు మెడకు ఎర్ర రుమాలు కట్టుకున్నారు. ‘రెడ్‌నెక్’ అనే ఆంగ్ల పదం అక్కడే పుట్టిందని పలువురు చెబుతారు. అది సరికాదు. ఆ పదం పందొమ్మిదో శతాబ్దంలోనే ఉన్నది. ఎండకు కమిలిన మెడ గల పేదరైతును ఎత్తిపొడవడానికి వాడేవారు. కార్మికులు ఆ తిట్టును తమ గుర్తుగా మార్చుకున్నారనడం న్యాయం.

ఇటీవలి వివాదం ఆ కొండ ఉనికి గురించే. పొరలు బల్లపరుపుగా ఉన్నందున కొండ నెత్తిని పేల్చి, బొగ్గు తీసి, మట్టిని పక్క లోయల్లో పోసే పద్ధతి అక్కడ పెరిగింది. 2009 మార్చిలో యుద్ధస్థలాన్ని జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేర్చి, అదే ఏడాది చివర తొలగించారు. తొలగింపు చెల్లదని 2016లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2018లో పేరు మళ్లీ పట్టికలోకి ఎక్కింది.

కాగితాలు పోతే నకళ్లు దొరకవచ్చు. గట్టు పోతే మాత్రం పదివేల మంది అక్కడే ఎందుకు ఆగిపోయారో ఎవరికీ చూపలేము.

ఈ సంచికను చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలో చదివే విద్యార్థులు ఉన్నారు. వారి వార్ధా లోయ బొగ్గూ, సింగరేణి బొగ్గూ ఒకే ప్రాణహిత-గోదావరి పరీవాహకంలోనివి. మీ ఊరి వాన ఏ నదికి పోతుందో, దారిలో ఏ గట్టు దాన్ని చీలుస్తుందో, ఆ గట్టును పెద్దలు ఏ పేరుతో పిలుస్తారో రాసి పెట్టుకోండి. మీ ఊరి చరిత్రకు మొదటి పుట అదే.