తడుములాట పేరే ఆటకు పెట్టారు



మా పెద్దమ్మాయి చిన్న క్లాసులో ఉన్నప్పుడు ఒకసారి బడికి రమ్మని కబురొచ్చింది. వెళ్ళాను. టీచరమ్మ గడగడా ఇంగ్లీషులో ఏమేమో చెప్పింది. అందులో నా చెవిన స్పష్టంగా పడ్డవి రెండే మాటలు. ఒకటి ‘సైలెంట్’, రెండోది ‘లిసన్’. పిల్ల క్లాసులో నోరు విప్పటం లేదనా, చెప్పింది వినటం లేదనా? నాకు తేలలేదు. అడుగుదామంటే మాట దొరకదు. కాసేపు తడుముకుని, తల ఊపి, నవ్వి వచ్చేశాను. దారిలో అమ్మాయి, ‘టీచరు ఏమందమ్మా?’ అని అడిగితే, ‘బాగానే చదువుతున్నావంది’ అన్నాను. ఆ అబద్ధం చాలా ఏళ్ళు నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. నేను చదివింది మెట్రిక్, అదీ తెలుగులో.

కాలేజీకి వచ్చాక అదే అమ్మాయి ఒక ఆట పెట్టె కొని తెచ్చింది. స్క్రాబుల్ అంటారు దాన్ని. గళ్ళు గీసిన ఒక అట్ట, ఇంగ్లీషు అక్షరాలు అచ్చేసిన బిళ్ళలు, అంతే సరంజామా. నా వంతుకు ఎల్, ఐ, ఎస్, టి, ఇ, ఎన్ అనే ఆరు అక్షరాలు కలిసొచ్చాయి. ‘లిసన్’ అని పేర్చాను. వినడం అని అర్థం. అమ్మాయి అవే ఆరు బిళ్ళలను అటూ ఇటూ జరిపి ‘సైలెంట్’ అని పేర్చి చూపించింది. నేను తెల్లబోయాను. ఆనాడు బడిలో నన్ను బెదరగొట్టిన రెండు మాటలూ ఒకే ఆరు అక్షరాలన్నమాట! 

అంతటితో అయిపోలేదు. అవే ఆరింటితో ‘టిన్సెల్’ వస్తుంది, అంటే పండగలకు కట్టే మెరుపు తళుకు. ‘ఎన్‌లిస్ట్’ వస్తుంది, అంటే సైన్యంలోనో పట్టికలోనో పేరు చేర్చుకోవడం. ‘ఇన్‌లెట్స్’ కూడా వస్తుంది, అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయలు. ఒకే పిండితో చేగోడీలూ, జంతికలూ, చక్కిలాలూ చేసుకున్నట్టుగా ఉంది కదూ!

అయినా ఇది ఇంగ్లీషువాళ్ళ సొత్తేమీ కాదు. ‘కలప’ను తిరగేస్తే ‘పలక’. ‘నవల’లోని అక్షరాలు అటూ ఇటూ చేస్తే ‘వలన’. ఎటునుంచి చదివినా ఒకేలా వచ్చే ‘వికటకవి’ మనందరి ఇళ్ళలో చుట్టమే. సరే, ఈ ఆట ఎలా పుట్టిందా అని ఆరా తీస్తే, దాని వెనక ఒక ఉద్యోగం పోయిన సంసారం కథ ఉంది. ఆ కథ చెబుదామనే ఇవాళ మీ ముందుకొచ్చాను.

ముందుగా దీనికి అక్క వరసయ్యే గళ్ళనుడికట్టు సంగతి ఒక్క మాట. ఇంగ్లీషులో మొదటి క్రాస్‌వర్డ్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రికలో వచ్చింది. కూర్చినవాడు ఇంగ్లండు నుంచి వలస వెళ్ళిన ఆర్థర్ విన్. జనానికి తెగ నచ్చింది. కానీ తప్పులు దొర్లేవి, పాఠకులు కోపంగా ఉత్తరాలు రాసేవారు. మార్గరెట్ పెథర్‌బ్రిడ్జ్ అనే యువతి విలేఖరి కావాలనే కోరికతో ఆ పత్రికలో చేరితే, ఆమెకు సెక్రటరీ పని ఇచ్చి, ఈ గళ్ళ తలనొప్పి కూడా అంటగట్టారు. మొదట్లో ఆమె పట్టించుకోలేదు. తరవాత ఒకసారి తానే కూర్చుని పూరించబోతే పాఠకుల బాధేమిటో తెలిసొచ్చింది. ఇక అప్పటినుంచి ప్రతి గడినీ ముందు తాను పూరించి చూశాకే అచ్చుకిచ్చేది. వండినవాళ్ళు ఉప్పు చూడకుండా వడ్డిస్తారా మరి! 1924లో తొలి క్రాస్‌వర్డ్ పుస్తకాన్ని తయారుచేసిన ముగ్గురిలో ఆమె ఒకరు. పెళ్ళయ్యాక మార్గరెట్ ఫారర్ అయింది. 1942లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక గళ్ళనుడికట్టు మొదలుపెట్టినప్పుడు దానికి తొలి సంపాదకురాలు ఆవిడే. 1969 దాకా ఆ కుర్చీ ఆవిడదే.

ఇక మన ఆట సంగతి. 1929లో అమెరికాలో షేర్ల బజారు కుప్పకూలింది. కట్టడాలు ఆగిపోయాయి. కట్టడాలు ఆగితే వాటి నమూనాలు గీసేవారికి పనేముంటుంది? ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్ అనే ఆర్కిటెక్టు ఉద్యోగం 1931లో పోయింది. అప్పటికి ఆయనకు 32 ఏళ్ళు. మగవాడు పని లేక ఇంట్లో కూర్చుంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కరలేదు.

బట్స్ మాత్రం ఊరికే కూర్చోలేదు. లోకంలోని ఆటలన్నిటినీ కాగితం మీద వర్గాలుగా విడదీశాడు. చదరంగంలా పావులు కదిపేవి కొన్ని. పాచికల్లా అంకెల మీద నడిచేవి కొన్ని. మాటల ఆటలు కొన్ని. మాటల ఆటల్లో పాయింట్లు లెక్కపెట్టుకునే వీలు సరిగ్గా లేదని గమనించాడు. కొంత అదృష్టం, కొంత తెలివి, రెండూ కలిసే మాటల ఆట ఒకటి ఉంటే బాగుంటుందనుకున్నాడు.

మరి ఏ అక్షరాలు ఎన్ని ఉండాలి? ఇక్కడే ఆయన ఓపిక చూడాలి. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీ ముందు పెట్టుకుని, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. మనం బియ్యంలో రాళ్ళు ఏరినట్టే! అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ‘ఇ’ అని తేలింది. అంతకు ఎంతో ముందే తంతి సంకేతాలు తయారుచేసినవాళ్ళకీ ఈ రహస్యం తెలుసు. అందుకే టెలిగ్రాం భాషలో ‘ఇ’కి ఒకే ఒక్క చుక్క పెట్టారు.

ఆ లెక్కే ఇప్పటికీ పెట్టెలో ఉంటుంది. మొత్తం నూరు బిళ్ళలు. అందులో ‘ఇ’లు 12. ‘ఎ’లూ ‘ఐ’లూ తొమ్మిదేసి. ‘క్యూ’, ‘జెడ్’ చెరొకటి. రెండు బిళ్ళల మీద ఏమీ ఉండదు, ఏ అక్షరంగానైనా వాడుకోవచ్చు. ఎక్కువగా దొరికే అక్షరానికి ఒక్క పాయింటు, అరుదైన ‘క్యూ’కీ ‘జెడ్’కీ పది. ‘ఎస్’ మాత్రం నాలుగే ఇచ్చాడు. ఎందుకో తెలుసా? ఇంగ్లీషులో చాలా మాటల చివర ‘ఎస్’ తగిలిస్తే బహువచనం అయిపోతుంది. మరీ సులువు చేస్తే ఆటలో పస ఉండదని బిగించాడు.

ఇప్పుడు చూడండి. ‘లిసన్’లో ఆరు అక్షరాలూ ఒక్కో పాయింటువే. మొత్తం ఆరు. ‘క్వార్ట్జ్’ అంటే స్ఫటికపు రాయి. అదీ ఆరక్షరాలే, కానీ ‘క్యూ’, ‘జెడ్’ రెండూ ఉన్నాయి గనుక 24. ‘జెఫిర్’ అంటే పడమటి నుంచి వీచే మెత్తని గాలి. దానికి 23. ‘గోడౌన్’ కూడా ఆరక్షరాలే, 11 పాయింట్లు. ఈ మాట పుట్టుక వెతికినవాళ్ళు మలయా భాష మీదుగా మన తెలుగు ‘గిడ్డంగి’ దాకా వచ్చారు. అంటే మన పెరటి మాట ఓడెక్కి, ఇంగ్లీషు నిఘంటువులో దిగి, మళ్ళీ మనింటికే గోడౌనై వచ్చిందన్నమాట. మన ‘పందికొక్కు’ కూడా అలాగే వెళ్ళి ‘బాండికూట్’ అయింది. కాకపోతే ఇంగ్లీషులో అది తొమ్మిదక్షరాల పొడవు.

బట్స్ ఆటకు మొదట గళ్ళ అట్ట లేదు. పేరు కూడా ‘లెక్సికో’. 1938లో క్రాస్‌వర్డ్ చూసి, మాట మీద మాట అడ్డంగా, నిలువుగా అల్లుకునేలా గళ్ళు చేర్చాడు. అక్షరాలు తానే గీసి, చెక్క బిళ్ళల మీద అంటించి, తెలిసినవాళ్ళకు ఇచ్చేవాడు. ఆటల కంపెనీలు చూసి వద్దన్నాయి. ఒకటి కాదు, వరసగా. తరవాత ఆయనకు మళ్ళీ ఉద్యోగం దొరికింది, ఆట మూల పడింది.

1948లో జేమ్స్ బ్రూనో అనే ఆయన, ఈ ఆట నేను తయారుచేసి అమ్ముతాను, అమ్మిన ప్రతి పెట్టెకూ నీకింత ఇస్తాను అని ఒప్పందం చేసుకున్నాడు. ‘స్క్రాబుల్’ అనే పేరు అప్పుడు పెట్టిందే. ఈ మాటకు నిఘంటువులో అర్థం చూశాను. చేతులతో తడుముకోవడం, గీరడం అట! నాకు నవ్వొచ్చింది. ఆనాడు బడిలో నేను చేసిన పనికే ఆటలో పేరు పెట్టేశారు.

బ్రూనో, ఆయన భార్య హెలెన్ కనెటికట్ రాష్ట్రంలో న్యూటౌన్ దగ్గర పని మొదలుపెట్టారు. పాడుబడిన ఒక బడి భవనం వాళ్ళ కార్ఖానా. బిళ్ళల మీద ఒక్కొక్క అక్షరం అచ్చు గుద్దుకుంటూ గంటకు పన్నెండు పెట్టెలు సిద్ధం చేసేవారు. 1949లో 2,400 పెట్టెలు చేశారు. లాభం మాట దేవుడెరుగు, 450 డాలర్లు నష్టం. అప్పడాలూ వడియాలూ చేసి అమ్మి, మొదటి ఏడాది చేతి డబ్బు పోగొట్టుకున్న అక్కచెల్లెళ్ళకు ఆ కడుపుకోత తెలుసు. అయినా వాళ్ళు మానలేదు. 1952లో గాలి తిరిగింది. న్యూయార్కులోని మేసీస్ అనే పెద్ద దుకాణం యజమాని సెలవులకు వెళ్ళి ఈ ఆట ఆడి, తిరిగొచ్చి తన దుకాణంలో ఎందుకు లేదని అడిగాడని చెబుతారు. ఏమైతేనేం, ఆర్డర్లు వెల్లువెత్తాయి. చేతిపని చాలక తయారీ ఒక ఆటల కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. 1954లో దాదాపు 40 లక్షల పెట్టెలు అమ్ముడయ్యాయి.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన మనిషి బట్స్ కాదు, ఆయన భార్య నీనా. ఆట కనిపెట్టిన బట్స్‌కు స్పెల్లింగులు అంతంత మాత్రమే. నీనా ఆయన్ని ఇట్టే ఓడించేసేది! ఆ సంగతి బట్స్ దాచుకోలేదు, నలుగురికీ చెప్పుకున్నాడు. ఒకసారి ఆవిడ ‘క్విక్సాటిక్’ అనే మాట పేర్చింది. లోకం తీరు పట్టించుకోకుండా గొప్ప ఊహల్లో తేలిపోయేవాడని దాని అర్థం. ఉన్న ఎనిమిదక్షరాల విలువ 26. ఒక మాట పడితే మూడింతలు చేసే గడులు అట్ట మీద ఉంటాయి. ఆవిడ మాట అలాంటి రెండింటి మీద పడింది. మూడు మూళ్ళు తొమ్మిది, 26 తొమ్మిదిలు 234. చేతిలోని ఏడు బిళ్ళలూ ఒకేసారి ఖాళీ చేస్తే అదనంగా 50. మొత్తం 284! కూడి చూసుకోండి. నేనూ సరుకుల పద్దు వెనక కూడి చూశాను.

మరో సంగతి. ఒక్కో భాషకు ఒక్కో లెక్క. ఇంగ్లీషులో పది పాయింట్ల ‘జెడ్’కు పోలెండు భాషలో ఒక్కటే పాయింటు. అక్కడ అడుగడుగునా అదే మరి! అక్షరం విలువ అక్షరంలో లేదు, అది ఉన్న ఇంట్లో ఉంది. మన తెలుగులో గుణింతాలూ, ఒత్తులూ కలిపి ఒక్క గడిలో కూర్చుంటాయి కనుక ఇలాంటి ఆట చేయాలంటే బిళ్ళలు ఎన్నని చెక్కుతాం? అందుకే మనకు గళ్ళనుడికట్టే బాగా అబ్బింది. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు కూడా సరదాపడి వాటిని కూర్చారు.

ఈ ఆటలో ఇంకో వింత ఉంది. న్యూజిలాండులో పుట్టిన నైజెల్ రిచర్డ్స్ అనే ఆటగాడు 2015లో ఫ్రెంచి భాషలో ప్రపంచ పోటీ గెలిచాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడటం రాదు! కొన్ని వారాల్లో నిఘంటువులోని మాటలన్నీ కంఠతా పట్టేశాడు. అర్థంతో పని లేదు. 2024లో స్పానిషులోనూ అంతే. మహా గొప్ప బుర్రే, కాదనను. కానీ మనకు పోటీలూ, కప్పులూ ఎందుకు? మనకు కావలసింది అర్థమే. రోజుకు ఒక ఆరక్షరాల మాట తీసుకుని, అర్థం చూసి, అక్షరాలు అటూ ఇటూ చేసి ఇంకో మాట వస్తుందేమో చూడండి. నూరు బిళ్ళల పెట్టె కొననక్కరలేదు, పాత శుభలేఖల అట్ట ముక్కలు చాలు. నేను అలాగే ఒక నోటు పుస్తకం నింపాను. ఇప్పటికీ తడుముకుంటాను. కానీ ఇప్పుడు సిగ్గు లేదు. కట్టడాలు గీసిన పెద్దమనిషే స్పెల్లింగులు తడుముకుంటే నాకేం?

మొన్న మా అమ్మాయికి ఆ పాత అబద్ధం చెప్పేశాను. ‘ఆవేళ టీచరు ఏమందో నాకు తెలియలేదే. సైలెంటందో, లిసనందో’ అన్నాను. అది బిళ్ళలు డబ్బాలో పోస్తూ నవ్వింది. ‘రెండూ అనే ఉంటుందిలేమ్మా. నేను మాట్లాడేదాన్నీ కాదు, వినేదాన్నీ కాదు. ఇంతకీ ఆట కలుపుతున్నాను, కూర్చో’ అంది.

ఆ రోజు మా అమ్మాయే గెలిచింది. తేడా పదకొండే పాయింట్లు. ఒక్క ‘గోడౌన్’ పడి ఉంటే సరిపోయేది.