ఫ్లమెంకో: పాట పేరులోనే ఊరు

ఫ్లమెంకోను 'స్పెయిన్ జాతీయ నృత్యం' అని నోట్సులో రాసుకుంటే సగమే చెప్పినట్లు. దీని పుట్టిల్లు దక్షిణాన ఉన్న ఆండలూసియా. మూలం పాట, ఆట దాని వెంట వచ్చింది.

పాటల రీతులను 'పాలో'లంటారు. చాలా పేర్లలో ఊరే వినిపిస్తుంది: మలగేన్యా మలగాది, గ్రనాయినా గ్రనాడాది. అలెగ్రియాస్ కాదిస్ రేవుది, బులెరియాస్ హెరెస్‌ది. తరంతా అల్మెరియా, ముర్సియా గని కార్మికుల గొంతు. మార్తినేతే సంగతి వేరు. దాని పేరే కొలిమి సుత్తిది. గిటారు లేకుండా పాడతారు, దాగలి మీద దెబ్బే తోడు.

ఆ కొలిముల్లో ఎక్కువగా పనిచేసినవారు హితానోలు, అంటే స్పెయిన్ రోమాలు. 1749లో ఆరో ఫెర్డినాండ్ ప్రభుత్వం వేలమంది హితానోలను నిర్బంధించి, మగవారిని నౌకా ఆయుధశాలల్లో వెట్టికి పెట్టింది. ఈ గొంతులోని బాధను వట్టి శైలి అనుకోలేం.

రోమానీ ఇండో-ఆర్యన్ భాషే. అంతమాత్రాన ఫ్లమెంకో రాజస్థాన్ నుంచి వచ్చిందని రాయకండి. జనం బయలుదేరిన చోటు వేరు, కళ రూపుదిద్దుకున్న చోటు వేరు. 2010లో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఆండలూసియాతో పాటు ముర్సియా, ఎక్స్‌ట్రెమదురాల మూలాలనూ పేర్కొంది.