సైరన్ ఎలా మోగుతుంది? కూత మారితే అర్థమూ మారుతుంది.. ఇవి తెలుసుకోండి!

మోస్రా, వర్ని, బోధన్ వైపు పెద్దవాళ్లకు సైరన్ అనగానే షుగర్ ఫ్యాక్టరీ షిఫ్టులే గుర్తొస్తాయి. బోధన్ శక్కర్‌నగర్‌లోని ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. కానీ ఈ ప్రాంతంలో సైరన్ అవసరం తీరిపోలేదు. నిజాంసాగర్ గేట్లు ఎత్తే ముందు మంజీరా దిగువన ఉన్నవాళ్లను అప్రమత్తం చేసేది ఇదే. ఇంతకీ ఇదెలా పనిచేస్తుంది?

లోపల ఏముంటుంది?

మెకానికల్ సైరన్‌లో స్పీకర్ ఉండదు. రికార్డు చేసిన శబ్దమూ ఉండదు. సందులున్న రెండు డ్రమ్ములు ఒకదానిలో ఒకటి ఉంటాయి. బయటిది కదలదు. లోపలిదాన్ని మోటార్ గిర్రున తిప్పుతుంది. దాని రెక్కలు గాలిని మధ్యలోంచి లాగి అంచులకు విసురుతాయి. సందులు ఎదురెదురుగా వస్తే గాలి బయటకు దూసుకొస్తుంది, పక్కకు జరిగితే ఆగిపోతుంది. సెకనుకు వందలసార్లు ఇలా జరగడమే ఆ మోత! 10 సందులున్న డ్రమ్ము సెకనుకు 45 సార్లు తిరిగితే 450 హెర్ట్జ్ శబ్దం వస్తుంది. వేగం పెరిగితే కూత సన్నబడుతుంది, తగ్గితే బొంగురుపోతుంది. కరెంట్ లేనిచోట చేత్తో తిప్పే సైరన్లు కూడా ఉన్నాయి.

పేరు ఎలా వచ్చింది?

1819లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త కాన్యార్ ద లా టూర్ దీనికి ఈ పేరు పెట్టారు. ఆయన పరికరం నీళ్లలోనూ మోగేది. అందుకే పాటతో నావికులను ఆకర్షించే గ్రీకు పురాణ కన్యల పేరు ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇది విమాన దాడుల హెచ్చరికగా మారింది.

ఏ మోతకు ఏ అర్థం?

విమాన దాడి ముప్పు ఉంటే సైరన్ లేస్తూ, పడుతూ మోగుతుంది. ముప్పు తప్పితే ఒకే స్థాయిలో మోగుతుంది. 2025 మే 7న హైదరాబాద్‌లో జరిగిన మాక్ డ్రిల్‌లో సాయంత్రం 4 గంటలకు సైరన్లు మోగించారు.

నది దగ్గర జాగ్రత్త!

2014 జూన్ 8న హిమాచల్‌లోని లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదలడంతో హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో కొట్టుకుపోయారు. సరైన హెచ్చరిక లేదన్న విమర్శలు వచ్చాయి. అందుకే నదిలో ఉన్నప్పుడు సైరన్ వినిపిస్తే ఫొటోల కోసం ఆగొద్దు. బట్టలు, మోటార్లు, పశువుల కోసం వెనక్కి వెళ్లొద్దు. వెంటనే గట్టెక్కండి. నీళ్లు కనిపించేదాకా చూస్తే తప్పించుకునే టైం ఉండదు.