గాదెలుగా మారిన కోట

కోట అనగానే బురుజులు, కందకాలు, కత్తులు గుర్తొస్తాయి. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, టైన్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న సౌత్ షీల్డ్స్ పట్టణంలో బయటపడ్డ రోమన్ కోటలో మాత్రం పురావస్తు శాస్త్రవేత్తలకు వరసగా గాదెలు తగిలాయి. ఒకటీ రెండూ కాదు, ఇరవైకి పైగా! ఆ కోట పేరు అర్బియా.

క్రీ.శ. 122లో హేడ్రియన్ చక్రవర్తి బ్రిటన్‌కు అడ్డంగా గోడ కట్టించడం మొదలుపెట్టాడు. దాని తూర్పు కొస టైన్ ఉత్తరపు ఒడ్డున సెగెడూనం కోట దగ్గర ఆగింది. అక్కణ్నుంచి సముద్రం దాకా నదే హద్దు. ఆ ఏటిమొగను కాపు కాయడానికి దక్షిణపు ఒడ్డున, గుట్ట మీద 160లలో రాతికోట లేచింది. అప్పటికది మామూలు కోటే. నడుమ దళపతి కార్యాలయం, చుట్టూ సైనికుల గదులు, తిండిగింజలకు ఒక జంట గాదె.

208లో సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి ఉత్తరాన స్కాట్లండ్ మీదికి స్వయంగా దండెత్తి వచ్చాడు. అంత సైన్యానికి తిండి ఓడల మీద రావాలి. ఓడ నిలిచే రేవు పక్కనే కోట ఉంది. దాంతో సైనికుల గదులు పడగొట్టి గాదెలు కట్టారు. సరుకు మూటలకు వేసిన సీసపు ముద్రలు ఇక్కడి మట్టిలో ఎన్నో దొరికాయి. కొన్నిటి మీద సెవెరస్, అతని ఇద్దరు కొడుకుల తలలున్నాయి.

కప్పు లేని, ఖాళీ పునాదిని చూసి అది గాదె అని ఎలా చెబుతారు? నేలను బట్టి. గాదె కింద ఎలుకల బాధ రోమన్లకూ తెలుసు. అందుకే పొట్టి స్తంభాల మీద, చిన్న గోడల మీద నేలను ఎత్తి కట్టి, కిందనుంచి గాలి ఆడేలా గోడలకు కంతలు వదిలారు. ధాన్యం బరువుకు గోడలు విచ్చుకోకుండా బయట ఊతగోడలు ఆనించారు. మూడో శతాబ్దం చివర్లోనో, నాలుగో శతాబ్దం మొదట్లోనో కోట అగ్గిపాలైంది. ఆ మంటల్లో బొగ్గైన గోధుమ గింజలూ దొరికాయి. ఆ తరువాత గాదెలు కొన్ని మళ్లీ సైనికుల గదులయ్యాయి.

ఓడలు వచ్చే చోటికి మనుషులూ ఎక్కడెక్కణ్నుంచో వస్తారు. సిరియాలోని పల్మైరా వాడు బరాటిస్ తన భార్య రెజీనాకు ఇక్కడ సమాధిఫలకం పెట్టించాడు. ఆమె దక్షిణ బ్రిటన్‌లోని కటువెల్లానీ తెగ ఆడపడుచు. ఒకప్పుడు అతని దాసి, అతనే విముక్తి చేసి పెళ్లాడాడు. ముప్ఫై ఏళ్లకే పోయింది. 1878లో దొరికిన ఆ రాతి మీద ఆమె అల్లిక కుర్చీలో కూర్చుని, పక్కన నగల పెట్టె, ఉన్ని బుట్టతో కనిపిస్తుంది. పైన లాటిన్ వాక్యాలు తప్పులతడక. కింద పల్మైరా లిపిలో చెక్కిన ఒక్క వరస మాత్రం తీరుగా, చెయ్యి తిరిగినట్టు ఉంది. రోమన్ పాలన చివరి రోజుల అధికార పట్టికలో ఈ కోటలో ఉన్నది టైగ్రిస్ నది పడవల దళమని నమోదైంది. అర్బియా అంటే అరబ్బుల చోటు అనే వాదన ఉంది; అందరూ ఒప్పుకోరు.

రోమన్లు వెళ్లిపోయాక కోట మట్టికింద పడిపోయింది. 1875లో, పట్టణం పెరిగి ఇళ్లు లేస్తున్న రోజుల్లో తొలి తవ్వకాలు జరిగాయి. చాలా భాగం ఇళ్ల కిందకే పోయింది. వందేళ్లకు ఆ ఇళ్లు తీసేసి మళ్లీ తవ్వారు. 1980లలో పడమటి ద్వారాన్ని పాత పునాదుల మీదే తిరిగి నిలబెట్టారు. దాని మీదికెక్కితే కింద వరసలు తీరిన గాదెల పునాదులు, అవతల ధాన్యం దిగిన నది కనిపిస్తాయి.