అపెండిక్స్ శస్త్రచికిత్స: కోత, కీహోల్, సర్జన్ అనుభవం

జనం ‘24 గంటల కడుపునొప్పి’ అనే అపెండిసైటిస్‌కు రెండు రకాల ఆపరేషన్లున్నాయి. కుడి పొత్తికడుపుపై సర్జన్ మెక్‌బర్నీ 1894లో వివరించిన కోత పాతది. 1980లో జర్మనీలోని కీల్ నగరంలో వైద్యుడు కుర్ట్ సెమ్ తొలిసారి లాపరోస్కోపీతో, అంటే కీహోల్ పద్ధతిలో, అపెండిక్స్ తీశాడు. అప్పట్లో తోటి సర్జన్లు ఆయన్ను తప్పుపట్టారు.

కీహోల్ పద్ధతిలో బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు చిన్న రంధ్రాలు చేసి, కార్బన్ డయాక్సైడ్‌తో పొట్ట ఉబ్బించి, తెరపై చూస్తూ అపెండిక్స్ మొదలును ముడివేసి కోస్తారు. గాయానికి చీము పట్టడం తక్కువ, పనికి తిరిగి వెళ్లడం త్వరగా. పటాన్‌చెరు, సంగారెడ్డి పరిశ్రమల్లో బరువులెత్తే కార్మికుడికి ఇదే పెద్ద లాభం. ఎందుకంటే పనికి వెళ్లలేని రోజులకు ఈఎస్‌ఐ అనారోగ్య భృతి వేతనంలో 70 శాతమే, కార్డు లేని రోజుకూలీకి అదీ లేదు.

అయితే కీహోల్ ఆపరేషన్‌కు సాధారణంగా పూర్తి మత్తు కావాలి; కోత ఆపరేషన్ వెన్ను మత్తుతోనూ చేయవచ్చు. నేర్చుకునే దశలో సర్జన్‌కు ఎక్కువ సమయం పడుతుంది, మధ్యలో కోతకు మారాల్సిన సందర్భాలూ ఎక్కువే. అలా మారడం వైఫల్యం కాదు, వివేకం. అపెండిక్స్ పగిలిన కేసులో పరికరం కన్నా చేయి తిరిగిన సర్జన్ ముఖ్యం. నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు దిగితే మాత్రలతో గడపకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.