కణసిద్ధాంతమూ, రాబర్ట్ రెమాక్

మొదటి సంవత్సరం విద్యార్థులకు జీవకణాన్ని పరిచయం చేసే పాఠ్యగ్రంథాలు చాలావరకు ఒకే వరసలో నడుస్తాయి. 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కలో చిన్న గదులు చూశాడు. 1838లో ష్లైడెన్ మొక్కలకూ, 1839లో ష్వాన్ జంతువులకూ కణమే మూలమన్నారు. కణం మరో కణం నుండే పుడుతుందని 1855లో విర్కో చెప్పాడు. నేనూ ఇలాగే చదువుకున్నాను, కొన్నాళ్లు ఇలాగే పాఠం చెప్పాను కూడా. ఈ వరసలోంచి ఒక మనిషి జారిపోయాడు. అది కేవలం పొరపాటని నేననుకోను.

కణాలు ఎలా పుడతాయి? ఉప్పునీటిలో స్ఫటికాలు కట్టినట్లు, రూపంలేని ఒకానొక ద్రవంలో అవి కట్టుకుంటాయని ష్లైడెన్, ష్వాన్ నమ్మారు. జీవం తనంత తానే పుడుతుందనే పాత విశ్వాసం ఈ విధంగా దొడ్డిదారిన మళ్లీ లోపలికి వచ్చిందన్నమాట! ఆ దారి మూయడానికి పూనుకున్నవాడు రెమాక్. 1841లో అతడు కోడిపిండపు రక్తకణాలు రెండుగా చీలడం గమనించాడు. పిండాలపై ఏళ్ల తరబడి పనిచేసి, ఉన్న కణాలు చీలడం వల్లనే కొత్త కణాలు కలుగుతాయని 1852లో ప్రకటించాడు.

రెమాక్ యూదుడు. యూదులు విశ్వవిద్యాలయంలో బోధించరాదన్నది ఆనాటి ప్రష్యా కట్టడి. మతం మార్చుకుంటే తలుపులు తెరుచుకునేవి, అతడు మార్చుకోలేదు. రాజుకే అర్జీ పెట్టుకోగా 1847లో జీతంలేని ఉపన్యాసకుడిగా అనుమతి దొరికింది. 1859లో సహాయాచార్య పదవి ఇచ్చారు, అంతే. 1865లో చనిపోయాడు. అతనికన్న ఆరేళ్లు చిన్నవాడైన విర్కో 1856లోనే బెర్లిన్‌లో ఆచార్యపీఠం ఎక్కాడు.

విర్కో అభివృద్ధి నిరోధకుడైతే మన పని సులువయ్యేది. కాని అతడు మనవాడు! 1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ చెలరేగినప్పుడు ప్రభుత్వం అతణ్ణి విచారణకు పంపింది. రోగానికి మూలం ఆకలి, అజ్ఞానం, దొరతనపు నిర్లక్ష్యమని నివేదించి, విద్యనూ స్వాతంత్ర్యాన్నీ ప్రజాస్వామ్యాన్నీ మందుగా రాసిచ్చాడు. ఆ మార్చిలో బెర్లిన్ వీధి పోరాటంలో నిలబడ్డాడు. దాని ఫలితంగా మరుసటి ఏడు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. రోగాన్ని కణంలో వెతకాలని 1858 ఉపన్యాసాలలో వైద్యులకు నేర్పినదీ అతడే. ఆ సూత్రానికి ఆచరణలో బలమిచ్చిన ఘనత నిస్సందేహంగా అతనిదే. అయినా 1855 నాటి అతని వ్యాసంలో రెమాక్‌కు దక్కవలసిన గుర్తింపు దక్కలేదు.

శరీరాన్ని విర్కో కణాల రాజ్యమన్నాడు, ప్రతి కణమూ అందులో పౌరుడట. ఆ పౌరుల పుట్టుకను ముందుగా కనిపెట్టినవానికి సొంత రాజ్యంలోనే పూర్తి పౌరహక్కు లేకపోయింది.

ఇప్పుడు నేను నల్లబల్లమీద 1855కు ముందు 1852 కూడా రాస్తాను. అయితే విర్కో దొంగా అని పిల్లలు అడుగుతారు. కాదంటాను. మరి ఆ పేరెందుకు రాయలేదని వెంటనే మరో ప్రశ్న వస్తుంది. గంట కొట్టినా ఆ చర్చ ముగియదు.